ఆషాఢమాసం చదువు – కొన్ని అభిప్రాయాలు



పోయిన నెలంతా నా దగ్గర్నుంచి ఏ పోస్టూ రాలేదేమని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. ఆరోగ్యం బాగానే ఉంది. కుడి మోకాలు మాత్రం మొరాయించింది. మెట్లు దిగొద్దన్నారు డాక్టరుగారు. మాది రెండో అంతస్తు. బయట ఆషాఢం వాన. ఎండాకాలంలో మాడిన చంద్రపూర్‌లో వాన పడితే ఎవరికైనా సంతోషమే గానీ, మోకాలికి కాదు. అందుకని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చదువుకున్నాను.

ఏం చదివానంటే దానికీ ఒక కారణం ఉంది. మన హాలు వెనక గదిలో రెండు ఇనప బీరువాలున్న సంగతి మీకు తెలుసు. వినాయక చవితి లోపల ఆ గది ఖాళీ చేసి వంటపాత్రలు, సౌండు బాక్సులు పెట్టుకుందామని కమిటీలో అనుకున్నారు. కార్యదర్శిగారు తాళాలు నా చేతిలో పెట్టి, "మీరు రైల్వేలో రిజిస్టర్లు రాసినవారు కదా, ఉంచాల్సినవేవో, పాతసామాను వాడికి వెయ్యాల్సినవేవో చూసి చెప్పండి" అన్నారు. సరేనని ఒక సంచీనిండా మోసుకొచ్చాను. దానికి తోడు ఇంట్లో ఉన్న తమిళ, మరాఠీ పుస్తకాలు కొన్ని. కాబట్టి ఈ పోస్టును నా రిపోర్టు అనుకోండి. అభిప్రాయాలు మాత్రం నా సొంతం. నచ్చనివాళ్లు కింద రాయండి, నేనేమీ అనుకోను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లుగా దాచుకున్న విషయం.

నేను చదివింది తమిళ మీడియం. నాన్నగారు అరక్కోణంలో రైల్వే షెడ్డులో పనిచేసేవారు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లం, బడిలో అంతా తమిళం. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. 1983లో ఉద్యోగం వచ్చి బల్లార్షా గూడ్సు ఆఫీసులో చేరాక మన సంఘంలో సభ్యుడినయ్యాను. ఒక ఉగాదికి పంచాంగం చదవడానికి రావలసిన శాస్త్రిగారి బండి లేటైంది. అప్పటి అధ్యక్షులు పుస్తకం నా చేతికిచ్చి, అంతవరకు మీరు చదవండి అన్నారు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పాను. కళ్లజోడు నా జేబులోనే ఉంది. ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్లలో కొందరు ఇవాళ లేరు. ఉన్నవాళ్లు క్షమించాలి.

ఆ తర్వాతే అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. పలకా బలపం పట్టుకోవడానికి సిగ్గు. కాబట్టి స్టేషన్ బోర్డుల మీద నేర్చుకున్నాను. డ్యూటీ మీద కాజీపేట వైపు వెళ్లినప్పుడల్లా కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. చివరి రెండూ నాకు వచ్చు. వాటిని పెట్టుకుని మొదటిది కూడబలుక్కోవడమే. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. కాగజ్‌నగర్ అన్న ఒక్క మాటలో క వేరు, గ వేరు అని తెలియడానికి నాకు రెండు ట్రిప్పులు పట్టింది. తమిళంలో వత్తులు కూడా లేవు, అక్షరం మీద చుక్క పెట్టి పక్కన ఇంకోటి రాసేస్తాం. బెల్లంపల్లి నాకు ల కింద ల నేర్పింది. మంచిర్యాల ర కింద య నేర్పింది. రామగుండం వచ్చేసరికి ధైర్యం వచ్చింది. 1929లో ఆ కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి మద్రాసుకీ ఢిల్లీకీ నేరుగా దారి పడిందని రైల్వేవాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అది పెద్దబాలశిక్ష.

ఇక పుస్తకాలకు వస్తాను.

మొదటిది తమిళం. అశోకమిత్రన్ రాసిన నవల, 1977లో వచ్చింది. పేరుకు అర్థం పద్దెనిమిదో అక్షాంశ రేఖ. ఆ రేఖ దగ్గరున్నది సికింద్రాబాదు. (మన చంద్రపూర్ ఇంకో రెండు డిగ్రీలు పైన.) అశోకమిత్రన్ పుట్టింది 1931లో సికింద్రాబాదులోనే. తండ్రి నిజాం రైల్వేలో ఉద్యోగి. తండ్రి పోయాక 1952లో మద్రాసు వెళ్లిపోయారు. నవలలో చంద్రశేఖరన్ అనే తమిళ కుర్రవాడు రైల్వే క్వార్టర్లలో పెరుగుతాడు, క్రికెట్ ఆడతాడు, కాలేజీకి వెళతాడు. చుట్టూ రజాకార్ల రోజులు, తర్వాత 1948 పోలీసు చర్య. మన వాళ్లు ఆ రోజుల గురించి రాసినవాటిలో పోరాడినవాళ్లు ఉంటారు, పోరాటంలో చచ్చిపోయినవాళ్లు ఉంటారు. ఇందులో ఉన్నది ఏ పక్షమూ కాని ఒక పక్కింటి పిల్లవాడు. వాడి భయం చాలా చిన్న భయం. సైకిల్ మీద ఏ వీధిలోంచి వెళ్లాలి, ఎవరితో ఆడాలి, ఇలాంటివి. ఆఖరి పేజీలలో వాడు ఒక ఇంట్లోకి దూరి, అక్కడ చూసినదానికి తట్టుకోలేక పరుగెత్తుతాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా అభిప్రాయంలో హైదరాబాదు సంస్థానం చివరి రోజుల గురించి తెలుగువాడు చదవాల్సిన పుస్తకాల్లో ఇది ముందు వరుసలో ఉండాలి. రాసినది తమిళంలో అయితే ఏమిటి? రైల్వే కాలనీ మట్టుకు నేను పెరిగిన కాలనీయే. కొళాయి దగ్గర బిందెల వరుస, మామూలు గోడల మధ్య నాలుగు భాషలు.

రెండోది మారుతి చితంపల్లిగారి ఆత్మకథ, చకవాచాందణ. ఇది మరాఠీ. ఆయన 2025 జూన్ 18న కాలం చేశారు. అదే ఏడు పద్మశ్రీ వచ్చింది. ఫారెస్టు ఆఫీసరుగా నవేగావ్, నాగ్‌ఝిరా, మేళ్‌ఘాట్ అడవుల్లో తిరిగి, పక్షుల మీద, చెట్ల మీద మరాఠీలో ఎన్నో పుస్తకాలు రాశారు. 2006లో షోలాపూర్‌లో జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షులు. ఇంటిపేరు చూడండి: చితంపల్లి. పుట్టింది షోలాపూర్. షోలాపూర్ మగ్గాల వీధుల్లో తెలుగు ఎంత వినబడుతుందో అక్కడ బంధువులున్నవారికి చెప్పనక్కర్లేదు. మరాఠీ పత్రికలు ఆయన్ని అరణ్యఋషి అన్నాయి. మనమేమో ఆయన పోయిన రోజున గ్రూపులో సినిమా నటుడి పుట్టినరోజు ఫోటోలు పెట్టుకున్నాం. నేను కూడా ఒకటి పెట్టాను, కాబట్టి ఎవర్నీ అనను.

పుస్తకం సంగతి. నిజం చెప్పాలంటే లావు ఎక్కువ. కొన్ని చోట్ల పక్షి కనబడగానే మనిషిని వదిలేసి పక్షి వెంట పోతారు. నేను కొన్ని పేజీలు దాటేశాను. కానీ అడవిలో ఉన్నవాళ్లని అడిగి ప్రతి చెట్టుకీ పిట్టకీ వాళ్లు పిలిచే పేరు తెలుసుకుని రాసుకోవడం, ఆ ఓపిక నాకు చాలా నచ్చింది. ఫారెస్టు ట్రైనింగు కోయంబత్తూరులో తీసుకున్నారు. అంటే ఆయన కూడా కొంతకాలం చుట్టూ తమిళం మధ్య బతికినవారే. నాకు అదో తృప్తి.

ఇక్కడే ఇంకో మాట. తమిళంలో కి. రాజనారాయణన్ అని ఒక మహారచయిత ఉండేవారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరు, ఇంట్లో తెలుగు. మన వాళ్లు తెలుగునేల నుంచి దక్షిణానికి వలసపోయి ఆ నల్లరేగడిలో ఊరు కట్టుకున్న కథే ఆయన నవల గోపల్ల గ్రామం. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తమిళానికి. అది నేను కాలేజీ రోజుల్లోనే చదివాను. అందుకే చెబుతున్నాను, మన వాళ్ల కథలన్నీ మన లిపిలోనే ఉన్నాయనుకోవడం పొరపాటు. మన బీరువాల్లో తెలుగు పుస్తకాలు తప్ప వేరే పెట్టకూడదని ఎప్పుడో చేసిన తీర్మానం ఒకటుందట. ఆ తీర్మానం ప్రకారం చితంపల్లి, కి. రా. ఇద్దరూ బయటివాళ్లు.

మూడోది సమిధ. సాధనాతాయీ ఆమ్టే రాసుకున్న ఆత్మకథ, ఇదీ మరాఠీయే. ఆనందవన్ మన జిల్లాలోనే, వరోరా దగ్గర. పిక్నిక్‌లా వెళ్లి దుప్పట్లు కొనుక్కుని వచ్చినవాళ్లం ఎంతమందిమో. బాబా ఆమ్టే గురించి చాలా పుస్తకాలున్నాయి. వాటిలో బాబా కొండలా ఉంటారు. ఈ పుస్తకంలో ఆ కొండకు రోజూ రెండు పూటలా వండిపెట్టిన మనిషి మాట్లాడుతుంది. నాగపూర్‌లో ఆచారం గల ఇంట్లో పుట్టిన అమ్మాయి 1946లో పెళ్లి చేసుకుని, మూడు నాలుగేళ్లకే రాళ్లూ పాములూ ఉన్న బీడులో, కుష్ఠురోగుల మధ్య, ఇద్దరు పసిపిల్లలతో కాపురం పెట్టింది. ఎక్కడా ఏడుపు లేదు, అలాగని అన్నిటికీ తలూపడమూ లేదు. నా భార్య ఇది నాకంటే ముందు చదివింది. "మీరు రిటైరయ్యాక నేను రిటైరవ్వలేదు, గమనించారా" అంది. గమనించలేదు. ఈ నెల కొన్ని రోజులు కూరగాయలు తరిగాను. మోకాలు నొప్పైనా చేతులు బాగానే ఉన్నాయి కదా అంది.

నాలుగోది మన బీరువాలోంచి తీసింది, తెలుగు. డాక్టర్ కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు". చిన్న పుస్తకం. అట్ట ఊడిపోయింది. కేశవరెడ్డిగారిది చిత్తూరు జిల్లా. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి డాక్టరుగా పనిచేశారు. 2015లో పోయారు. ఆనందవన్ పుస్తకం మూసి ఈయన పుస్తకం తెరవడం అనుకోకుండా జరిగింది.

కథ ఏమిటంటే, ఒక ముసలివాడు. పందులు కాసుకునేవాడు. ఈనే పంది ఒకటి మందలోంచి తప్పిపోయి అడవిలోకి పోతుంది. దాన్ని వెతుక్కుంటూ చీకట్లో ఒక్కడే పోతాడు. అంతే. ఒక్క రాత్రి. ఏమైందో చెప్పను, చదవండి. అడవి గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 మే నెలలో సిందేవాహి వైపు తునికాకు కోతకు పోయిన ఆడవాళ్లని పులి చంపింది. మర్నాడు పేపర్లో పులి ఫోటో పెద్దదిగా, వాళ్ల పేర్లు చిన్నవిగా వేశారు. తాడోబాకు జీపుల్లో వెళ్లేవాళ్లకు అడవి ఒకటి, బుట్ట పట్టుకుని నడిచిపోయేవాళ్లకు వేరొకటి. ఈ పుస్తకంలోది రెండో అడవి. ఆ ముసలివాడు పులినీ ద్వేషించడు, నక్కనీ ద్వేషించడు. వాటి పని అవి చేస్తాయి, తన పని తనది. ఇంత చిన్న పుస్తకంలో ఇంత చెప్పడం నేను తమిళంలో కూడా ఎక్కువ చూడలేదు.

ఇది నాకు ఇంకో రకంగా కూడా గుర్తుండిపోతుంది. పంక్తి కింద వేలు పెట్టుకోకుండా నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మొదటి తెలుగు పుస్తకం ఇదే. అరవై ఆరేళ్ల వయసులో.

ఐదోది చదివానని చెప్పలేను. వేయిపడగలు. మూడుసార్లు మొదలుపెట్టాను. గొప్ప పుస్తకమే కావచ్చు, అందరూ అంటున్నారు. నా స్టేషన్ బోర్డు తెలుగు దానికి చాల్లేదు. పి.వి. నరసింహారావుగారు దాన్ని హిందీలోకి సహస్రఫణ్ అని అనువదించారు కదా, అది చదవండి అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. చదువుతాను. పి.వి.గారు మన నాగపూర్‌లో లా చదివారు, పక్కనే రాంటెక్ నుంచి 1984లోనూ 1989లోనూ లోక్‌సభకు గెలిచారు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. ఆ పుస్తకం మన బీరువాలో ఉండాలి. లేదు. వెతికాను.

మా అబ్బాయి పుట్టినరోజుకు ఇచ్చిన వ్యక్తిత్వ వికాసం పుస్తకం నలభయ్యో పేజీలో ఆపేశాను. పొద్దున్నే అయిదింటికి లేస్తే జీవితం మారుతుందట. ముప్పై ఆరేళ్లు షిఫ్టు డ్యూటీకి మూడింటికి లేచాను. మోకాలు మారింది.

ఇప్పుడు బీరువాల లెక్క. ఒక బీరువాలో సగం పాత వారపత్రికలు, పంచాంగాలు, ఆడిట్ రిపోర్టులు. కింది అర చెదలు పట్టింది. ఇవి పాతసామానుకు వెయ్యండి, నాకు అభ్యంతరం లేదు. మిగిలినవి ఒక బీరువాలో సరిపోతాయి. కాబట్టి ఒక బీరువా వంటపాత్రలకు ఇచ్చేయవచ్చు. రెండోది మాత్రం ఉంచాలని నా రిపోర్టు.

ఎవరు చదువుతున్నారు, అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రిజిస్టరు చూశాను. గత రెండేళ్లలో పదకొండు ఎంట్రీలు. అందులో ఆరు నావే. గూడ్సు ఆఫీసులో అయితే ఈ లెక్కకు సైడింగు మూసేసేవాళ్లం. కానీ అందులో నా తప్పు కూడా ఉంది. మన పిల్లలు మరాఠీలో చదువుతారు, ఇంగ్లీషులో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అచ్చం నేను. వాళ్లని "తెలుగువాడివై ఉండి తెలుగు రాదా" అని ఉగాది రోజున మైకులో సిగ్గుపడేలా చేస్తాం. సిగ్గుపడినవాడు కళ్లజోడు మరిచిపోయానంటాడు, తర్వాత ఆ గదివైపే రాడు. నాకు అనుభవం. బీరువాలో సమిధ ఉంచండి, చితంపల్లి ఉంచండి, పక్కనే కేశవరెడ్డి ఉంచండి. మరాఠీ పుస్తకం కోసం వచ్చిన పిల్ల చెయ్యి పక్క పుస్తకం మీద పడుతుంది. పడకపోవచ్చు కూడా. ఆదివారం పొద్దున ఒక గంట అక్షరాలు చెప్పడానికి నేను కూర్చుంటాను. ఓనమాలతో కాదు, వాళ్లకు తెలిసిన ఊరి పేర్లతో, దేవనాగరి పక్కన పెట్టి. చంద్రపూర్, బల్లార్షా, సిరొంచ.

ఈ నెల చదివినవాటిలో ఇంకొకటి మిగిలింది. చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను.

నాన్నగారి రేకుపెట్టెలో మా అవ్వ రాసిన పోస్టుకార్డులు పద్నాలుగున్నాయి. అవ్వ ఊరు పుత్తూరు దగ్గర. అరక్కోణం నుంచి రైల్లో రెండు గంటలైనా లేదు. మేం ఎప్పుడూ వెళ్లలేదు. భూమి విషయంలో నాన్నకూ చిన్నాన్నకూ మాటల్లేవు. అవ్వ కూడా మమ్మల్ని పిలవలేదని, మేమంటే ఆమెకు ఇష్టం లేదని నేను అనుకుంటూ పెరిగాను. ఆమె పోయినప్పుడు నాకు పదకొండేళ్లు, అప్పుడు కూడా నాన్న ఒక్కరే వెళ్లారు. నాన్న పోయాక కార్డులు నాకు వచ్చాయి. పెన్సిలుతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు, పొల్లులు లేవు, చుక్కలు లేవు. అచ్చు తెలుగు చదవడం వచ్చాక కూడా చేతిరాత నాకు కొరుకుడు పడలేదు. పక్కింటివారితో చదివించుకోవచ్చు. అడగలేదు, అదే సిగ్గు.

కేశవరెడ్డి పుస్తకం అయిపోయిన మర్నాడు పెట్టె దించమన్నాను. ఆ పుస్తకంలో మనుషులు మాట్లాడేది మా అవ్వ మాట. ఆ యాస చెవిలో ఉండగా చదివితే అక్షరాలు వాటంతట అవే పలికాయి. వాన పడలేదు. ఆవు ఈనింది. పదిహేను రూపాయల మనియార్డరు అందింది. కంటికి మందు వేసుకుంటున్నాను. పద్నాలుగు కార్డుల్లో తొమ్మిదింటి చివర ఒకటే మాట: పిల్లోణ్ణి సెలవలకన్నా అంపీ నాయినా. ఆ పిల్లోడు నేనే. ఇంట్లో మగపిల్లాణ్ణి నేనొక్కణ్ణే.

నాన్న ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆయన మీద కోపం కూడా లేదు, ఆ కార్డులు పారెయ్యకుండా దాచింది ఆయనే కదా. కానీ అవి నా కళ్ల ముందే, మా ఇంటి గోడకు తగిలించిన తీగకు గుచ్చి ఉండేవి. రోజూ చూసేవాణ్ణి.

కమిటీ మీటింగు వచ్చే ఆదివారం. మోకాలు సహకరిస్తే వస్తాను, లేకపోతే ఈ పోస్టే చదివి మినిట్స్‌లో రాసుకోండి. బీరువా తాళాలు మా ఇంట్లోనే ఉన్నాయి. కేశవరెడ్డి పుస్తకానికి కొత్త అట్ట వేశాను, కావలసినవారు సాయంత్రం అయిదు తర్వాత వచ్చి తీసుకెళ్లవచ్చు. రిజిస్టరు కూడా ఇక్కడే ఉంది. దయచేసి పేరు, తేదీ రాసి సంతకం పెట్టండి. ఏ భాషలో పెట్టినా సరే.